ఆయుధాల బీరువాలో తేమ, తుప్పు: కారణాలు, నివారణ

పరిచయం

తెలంగాణ శాసనసభ ఎన్నికల షెడ్యూలు 2023 అక్టోబరు 9న వెలువడింది. నవంబరు 30న పోలింగు, డిసెంబరు 3న ఓట్ల లెక్కింపు జరిగాయి. ఎన్నికల ప్రవర్తనా నియమావళి అమల్లోకి రాగానే లైసెన్సు ఉన్న తుపాకులను దగ్గర్లోని పోలీస్ స్టేషన్‌లో అప్పగించమని అధికారులు కోరడం మనకు తెలిసిందే. బ్యాంకు భద్రత వంటి కొన్ని పనులకు మినహాయింపు ఇస్తారు. మిగిలినవాళ్ళు తుపాకి అప్పగించి రసీదు తీసుకుంటారు. ఫలితాలు వచ్చాక తిరిగి తెచ్చుకుంటారు. షెడ్యూలు నుంచి లెక్కింపు దాకా లెక్కవేస్తే 55 రోజులు. ఆ తర్వాత వచ్చిన లోక్‌సభ ఎన్నికలకు 2024 మార్చి 16న షెడ్యూలు ప్రకటించారు, జూన్ 4న లెక్కింపు జరిగింది. ఇది 80 రోజులు.

మొదటిది వానల చివర మొదలై చలిలో ముగిసింది. రెండోది ఎండల్లో మొదలై మిరుగు ముంగిట ముగిసింది. రెండు సందర్భాల్లోనూ తుపాకి ఒకే రకం బీరువాలో ఉన్నా, దానికి తుప్పు పట్టే అవకాశం ఒకే విధంగా ఉండదు. ఎందుకు ఉండదో తెలిస్తే ఇంట్లోని పెట్టెనైనా, ఠాణాలోని ఆయుధాల గదినైనా, బ్యాంకు గార్డు తుపాకి పెట్టుకునే అల్మారానైనా ఎలా చూసుకోవాలో తెలుస్తుంది. మీలో కొందరు పోలీసు, అటవీ, బ్యాంకు భద్రత ఉద్యోగాలు చేసుకుంటూ ఈ కోర్సు చదువుతూ ఉండవచ్చు. ఈ పాఠం వాళ్ళకు నేరుగా పనికివస్తుంది. తుపాకితో సంబంధం లేనివాళ్ళు ఆ మాట ఉన్నచోట కుట్టుమిషను, కొలత పరికరాలు, వడ్రంగి ఉలులు అని చదువుకున్నా రసాయనశాస్త్రం మారదు.

ఈ పాఠంలో మనం కరీంనగర్, ఆదిలాబాద్ ఉమ్మడి జిల్లాలను, అంటే 2016 అక్టోబరు 11 నాటి పునర్వ్యవస్థీకరణ తర్వాత ఎనిమిదికి పైగా జిల్లాల్లో పరుచుకున్న ప్రాంతాన్ని ఉదాహరణగా తీసుకుంటాం. ఇనుముతో ఈ నేలకున్న అనుబంధం పాతది. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మూసల్లో కరిగించి తీసిన ఉక్కు ముద్దలు పర్షియా వరకు వెళ్ళేవి. హెన్రీ వాయ్‌సీ అనే భూగర్భ పరిశీలకుడు ఆ పద్ధతిని స్వయంగా చూసి రాసిన వివరణ 1832లో బెంగాల్ ఏషియాటిక్ సొసైటీ పత్రికలో అచ్చయింది. అంత పేరున్న ఉక్కులోనూ ఒకటి నుంచి రెండు శాతం వరకు కార్బన్ ఉంటుంది, మిగిలినది దాదాపుగా ఇనుమే. కనుక దానికీ తుప్పు పడుతుంది. మంచి ఉక్కుకు తుప్పు పట్టదన్న మాట మనవాళ్ళలో బాగా వినిపిస్తుంది. గట్టిదనం వేరు, తుప్పును తట్టుకునే గుణం వేరు. రెండోది కావాలంటే క్రోమియం వంటి లోహం తగినంత కలవాలి.

తుప్పు ఎలా మొదలవుతుంది?

ఇనుము, ఆక్సిజన్, నీరు. ఈ మూడూ కలిస్తేనే తుప్పు. పొడి గాలిలో ఇనుము ఏళ్ళ తరబడి మెరుస్తూ ఉండగలదు. ఆక్సిజన్ పూర్తిగా తీసేసిన నీటిలోనూ తుప్పు దాదాపుగా ఆగిపోతుంది.

ఇనుము మీద పలచని నీటి పొర ఏర్పడగానే ఆ ఉపరితలం ఒక చిన్న విద్యుద్ఘటంలా పనిచేయడం మొదలుపెడుతుంది. ఒకచోట ఇనుము పరమాణువు రెండు ఎలక్ట్రాన్లను వదిలి ఫెర్రస్ అయాన్‌గా నీటిలోకి దిగుతుంది. ఇది ఆనోడ్. ఆ ఎలక్ట్రాన్లు లోహం గుండా పక్కకు ప్రవహించి, అక్కడ నీటిలో కరిగి ఉన్న ఆక్సిజన్‌తోనూ నీటితోనూ కలిసి హైడ్రాక్సైడ్ అయాన్లను ఇస్తాయి. ఇది కాథోడ్. ఫెర్రస్, హైడ్రాక్సైడ్ అయాన్లు కలిసి ఫెర్రస్ హైడ్రాక్సైడ్‌గా మారతాయి, ఆక్సిజన్ దాన్ని ఇంకా ఆక్సీకరించి నీటితో కూడిన ఫెరిక్ ఆక్సైడ్‌గా, అంటే మనం చూసే ఎర్రటి పొడిగా మారుస్తుంది. ఈ పొడి లోహాన్ని అంటిపెట్టుకోదు, గుల్లగా ఉంటుంది, తనలో తేమను పట్టి ఉంచుతుంది. అందుకే తుప్పు ఉన్నచోటే ఇంకా తుప్పు పడుతుంది.

ఇక్కడ ఒక సంగతి గుర్తుపెట్టుకోవాలి. నీటి పొర ఎంత పలచనైతే ఆక్సిజన్ అంత సులువుగా దాన్ని దాటి లోహాన్ని చేరుతుంది. కనుక బొట్లు కారేంత నీరు అక్కర లేదు. కంటికి కనిపించని పొర చాలు. బీరువా తెరిచి చేత్తో తడిమి, పొడిగానే ఉందని నిశ్చింతగా ఉండడం కుదరనిది ఇందుకే.

ఆ కనిపించని పొర ఎప్పుడు ఏర్పడుతుంది? 1930లలో బ్రిటన్‌కు చెందిన వెర్నాన్ జరిపిన ప్రయోగాలు దీనికి దారి చూపాయి. గాలిలో సాపేక్ష ఆర్ద్రత పెరిగేకొద్దీ తుప్పు కొద్దికొద్దిగా పెరగదు. ఒక హద్దు దాటేదాకా దాదాపు ఏమీ జరగదు, దాటాక వేగం ఒక్కసారిగా పెరుగుతుంది. ఇనుముకు ఆ హద్దు సుమారు 60 శాతం. గాలిలో గంధక వాయువులు, లోహం మీద దుమ్ము, ఉప్పు ఉంటే హద్దు ఇంకా కిందికి దిగుతుంది. రామగుండం, గోదావరిఖని, మందమర్రి వంటి బొగ్గు, విద్యుత్ కేంద్రాల పరిసరాల్లో ఉండేవాళ్ళు లోహపు వస్తువుల మీద దుమ్ము నిలవకుండా చూసుకోమని చెప్పడానికి ఇదే కారణం.

చెమట కూడా ఉప్పునీరే. తుపాకిని చేత్తో పట్టుకుని అలాగే బీరువాలో పెడితే కొన్ని వారాల తర్వాత వేలిముద్రలు ఎర్రగా తేలి కనిపిస్తాయి. క్లోరైడ్ అయాన్లు లోహం మీది రక్షణ పొరను ఛేదిస్తాయి.

గాలి ఎంత నీరు మోస్తుంది?

గాలి వేడెక్కేకొద్దీ ఎక్కువ నీటి ఆవిరిని పట్టి ఉంచగలదు. ఒక ఘనపు మీటరు గాలి 10 డిగ్రీల సెల్సియస్ దగ్గర గరిష్ఠంగా 9.4 గ్రాములు, 20 డిగ్రీల దగ్గర 17.3 గ్రాములు, 25 దగ్గర 23 గ్రాములు, 30 దగ్గర 30.4 గ్రాముల ఆవిరిని పట్టుకుంటుంది. గాలిలో వాస్తవంగా ఉన్న ఆవిరిని ఆ ఉష్ణోగ్రతకు గరిష్ఠమైన దానితో భాగించి శాతంగా చెబితే సాపేక్ష ఆర్ద్రత వస్తుంది. గాలిని చల్లబరుస్తూ పోతే ఒక ఉష్ణోగ్రత దగ్గర ఆర్ద్రత 100 శాతమై, మిగిలిన ఆవిరి నీరుగా దిగడం మొదలవుతుంది. అది తుషార స్థానం.

ఇప్పుడు మన అక్టోబరు బీరువా దగ్గరకు వద్దాం. అంకెలు లెక్క కోసం తీసుకున్నవి, కానీ మన ప్రాంతానికి దూరమైనవి కావు. మధ్యాహ్నం గది ఉష్ణోగ్రత 30 డిగ్రీలు, ఆర్ద్రత 75 శాతం అనుకోండి. ఒక ఘనపు మీటరు గాలిలో 22.8 గ్రాముల నీరుంది. ఆ సమయంలో తలుపు తెరిచి మూశారు. రాత్రి లోపలి ఉష్ణోగ్రత 23 డిగ్రీలకు దిగింది. 23 డిగ్రీల దగ్గర గాలి పట్టుకోగలిగింది 20.6 గ్రాములే. మిగిలిన 2.2 గ్రాములు ఎక్కడికి పోవాలి? బీరువా లోపలి కొలత అర ఘనపు మీటరైతే 1.1 గ్రాముల నీరు లోహం మీదకు దిగుతుంది.

ఒకటిన్నర గ్రామైనా లేదే అనిపిస్తుంది. దాన్ని ఒక చదరపు మీటరు లోహం మీద సమంగా పరిస్తే మందం ఒక మైక్రాన్ పైచిలుకు, అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. కంటికి కనిపించదు, వేలికి తగలదు. తుప్పుకు కావలసిన పొర మాత్రం అదే.

చలికాలంలో సంగతి ఇంకో రకంగా ఉంటుంది. ఆదిలాబాద్ ప్రాంతంలో కొన్ని ఏళ్ళు కనిష్ఠ ఉష్ణోగ్రత 5 డిగ్రీల దిగువకు పోతుంది. చలికాలపు గాలి పొడిగా ఉంటుంది కదా, భయమెందుకు అనుకుంటాం. ఇబ్బంది అంతా తలుపు తెరిచే వేళలో ఉంది. బరువైన లోహం రాత్రంతా చల్లబడి, ఉదయం గాలి వేడెక్కినంత త్వరగా వేడెక్కదు. దీన్ని మీరే లెక్కవేయండి.

మీ ప్రగతిని సరిచూసుకోండి - 1

డిసెంబరులో ఉదయం పది గంటలకు బయటి గాలి 22 డిగ్రీలు, ఆర్ద్రత 60 శాతం. బీరువాలోని తుపాకి గొట్టం ఇంకా 11 డిగ్రీల దగ్గరే ఉంది. తలుపు బార్లా తెరిస్తే ఏమవుతుంది? (22 డిగ్రీల దగ్గర గరిష్ఠ ఆవిరి 19.4 గ్రాములు, 13 దగ్గర 11.4, 14 దగ్గర 12.1.)

జవాబు: గాలిలో ఉన్న ఆవిరి 19.4లో 60 శాతం, అంటే 11.6 గ్రాములు. ఇది 13, 14 డిగ్రీల గరిష్ఠాల మధ్య పడుతుంది కనుక తుషార స్థానం 13 డిగ్రీలకు కొంచెం పైన. గొట్టం అంతకంటే చల్లగా ఉంది. చలిమిరి గ్లాసు మీద చెమ్మ పట్టినట్టే గొట్టం మీద, అన్నిటికంటే ముఖ్యంగా గొట్టం లోపల చెమ్మ దిగుతుంది. వెంటనే తలుపు మూస్తే ఆ చెమ్మ లోపలే చిక్కుకుంటుంది. మధ్యాహ్నం దాకా ఆగి, లోహం గది వేడికి వచ్చాక తెరవడం మేలు.

బీరువా ఊపిరి తీస్తుంది

మూసిన పెట్టెలోకి తేమ ఎలా వస్తుందని చాలామంది అడుగుతారు. తాళం రంధ్రం, తలుపు సందు, నేలకు బిగించడానికి అడుగున వేసిన రంధ్రాలు ఉన్నంతకాలం ఏ బీరువా గాలి చొరనిది కాదు. పగలు లోపలి గాలి వేడెక్కి వ్యాకోచించి కొంత బయటకు పోతుంది, రాత్రి కుంచించుకుని బయటి గాలిని లోపలికి లాగుతుంది. 7 డిగ్రీల తేడాకు గాలి ఘనపరిమాణం సుమారు 2.3 శాతం మారుతుంది. మన అర ఘనపు మీటరు, అంటే 500 లీటర్ల బీరువా రోజుకు 12 లీటర్ల గాలిని పీల్చి వదులుతుందన్నమాట. ఆ గాలి మధ్యాహ్నం లెక్క ప్రకారం తేమగా ఉంటే అందులో పావు గ్రాము పైన నీరుంటుంది. 55 రోజులకు 15 గ్రాములు. ఇది కనీసపు లెక్క. సందుల గుండా ఆవిరి తనంతట తాను వ్యాపించడం, తలుపు తెరిచిన ప్రతిసారీ మారే గాలి దీనికి అదనం. ఎన్నికల వేళ ఠాణా బీరువాను రోజూ తెరుస్తుంటే ఈ అదనమే అసలు కంటే ఎక్కువవుతుంది.

తేమకు ఇంకో దారి గోడ. వానకాలంలో నేల నుంచి చెమ్మ పాకే గోడకు బీరువా వీపు ఆనించి పెడితే, అక్కడి రేకు ఎప్పుడూ చల్లగా ఉండి లోపలి చెమ్మ అంతా ఆ వైపే దిగుతుంది. స్నానాల గది గోడ అయితే చెప్పనక్కర లేదు. కొత్తగా కట్టిన ఇంట్లో సిమెంటు, పూత ఆరడానికి నెలలు పడుతుంది. గృహప్రవేశం నాడే బీరువా గోడలో బిగించడం తొందరపాటు. గోడకు నాలుగు వేళ్ళ ఎడం వదలండి. అడుగున గ్రానైట్ పలక వేసి, దాని మీద ఎండిన కర్ర దిమ్మెలు పెట్టి బీరువాను ఎత్తండి. కరీంనగర్ చుట్టుపక్కల గ్రానైట్ ముక్కలకు కొరత లేదు, ఇటుక మాదిరిగా గ్రానైట్ నీటిని పైకి పీల్చదు. నేలకు బిగించాల్సి వస్తే బోల్టు చుట్టూ ఉన్న సందును సీలెంటుతో మూయండి.

మంటలను తట్టుకునే బీరువాలు కొన్నవాళ్ళు ఇంకొంచెం జాగ్రత్తగా ఉండాలి. వాటి గోడల మధ్య జిప్సం గానీ కాంక్రీటు వంటి మిశ్రమం గానీ నింపుతారు. శుద్ధమైన జిప్సం బరువులో దాదాపు 21 శాతం స్ఫటిక జలమే. మంట తగిలినప్పుడు ఆ నీరు ఆవిరై లోపలి వస్తువులను కాపాడుతుంది. తడి మిశ్రమం పోసి చేసిన పెట్టెల్లో మిగిలిన తేమ మామూలు రోజుల్లోనూ మెల్లగా లోపలికి వస్తూ ఉంటుంది. ఖరీదైన పెట్టె కొన్నాం, ఇక బెంగ లేదు అనుకున్నచోటే తుప్పు ముందు కనిపించడానికి ఇదొక కారణం.

తేమను పీల్చే పదార్థాలు

మన ఇళ్ళలో ఉప్పు డబ్బాలో నాలుగు బియ్యపు గింజలు వేస్తాం. ఆలోచన సరైనదే, కానీ బీరువాకు బియ్యం చాలవు. కర్పూరం, కలరా ఉండలు వాసన ఇస్తాయి, పురుగును తరుముతాయి, తేమను పీల్చవు. ఉప్పును మాత్రం బీరువాలో అసలు పెట్టకూడదు. ఆర్ద్రత 75 శాతం దాటగానే ఉప్పు తానే నీరు పట్టి కరగడం మొదలుపెడుతుంది. ఆ క్లోరైడ్ నీరు లోహానికి తగిలితే మందు పేరుతో జబ్బును తెచ్చుకున్నట్టే. డబ్బాల్లో అమ్మే కాల్షియం క్లోరైడ్ బట్టల బీరువాకు బాగుంటుంది. నీటిని అమోఘంగా లాగుతుంది, కానీ తానూ ద్రవంగా మారుతుంది. ఆ డబ్బా ఒరిగితే తుపాకికి సముద్రస్నానమే.

సున్నం మాట ఏమిటి? పొడి సున్నం, అంటే కాల్షియం ఆక్సైడ్, 56 గ్రాములకు 18 గ్రాముల నీటిని రసాయనికంగా కలుపుకుని తడి సున్నంగా మారుతుంది. చౌక, ఊళ్ళో దొరికేది. ఇబ్బందులు కూడా ఉన్నాయి. నీటితో కలిసేటప్పుడు వేడి పుడుతుంది, పొంగుతుంది, దుమ్ము రేగి కళ్ళకు, నూనె పూతకు చేటు చేస్తుంది, ఇంట్లో తిరిగి వాడుకునేలా చేయడం కుదరదు. వేరే దారి లేనప్పుడు సగానికి మించకుండా నింపిన వెడల్పాటి పాత్రలో, గుడ్డ కట్టి, పిల్లలకు అందకుండా వాడుకోవచ్చు. సిలికా జెల్ దొరికేచోట దీని అవసరం లేదని నా అభిప్రాయం.

సిలికా జెల్ నీటిని రసాయనికంగా కలుపుకోదు. దానిలోని అసంఖ్యాకమైన సూక్ష్మ రంధ్రాల గోడలకు నీటి అణువులు అంటుకుంటాయి. దీన్నే అధిశోషణం అంటారు. వేడి చేస్తే అవే అణువులు విడిపోతాయి కనుక మళ్ళీ మళ్ళీ వాడుకోవచ్చు. ఆర్ద్రత 40 శాతం దగ్గర ఉంచాలనుకుంటే జెల్ తన బరువులో సుమారు ఐదో వంతు నీటిని పట్టుకుంటుందని లెక్క వేసుకోవచ్చు. మన బీరువాకు కనీసపు లెక్క 15 గ్రాముల నీరు. అంటే 75 గ్రాముల జెల్. తలుపు తెరవడం, సందులు, చెక్క, గుడ్డలో దాగిన తేమ అన్నీ కలుపుకుని దానికి ఆరేడు రెట్లు, అంటే అరకిలో వేయడం సబబు. చెప్పుల డబ్బాలో వచ్చిన రెండు చిన్న పొట్లాలు వేసి చేతులు దులుపుకుంటే అవి మొదటి రోజుల్లోనే నిండిపోతాయి. నిండిన జెల్ ఊరికే ఉండదు, పగలు వేడెక్కినప్పుడు కొంత నీటిని తిరిగి బీరువాలోకి వదులుతుంది.

నిండిందని ఎలా తెలుస్తుంది? కొన్ని గింజలకు రంగు కలిపి అమ్ముతారు. నీలం రకం కోబాల్ట్ క్లోరైడ్‌తో చేసినది, తేమ పట్టాక గులాబీ రంగుకు మారుతుంది. కోబాల్ట్ లవణం ఆరోగ్యానికి హానికరం కాబట్టి నారింజ నుంచి ఆకుపచ్చకు మారే రకం ఇప్పుడు ఎక్కువగా వాడుతున్నారు. తిరిగి ఆరబెట్టడానికి 110 నుంచి 130 డిగ్రీల వేడిలో రెండు మూడు గంటలు ఉంచితే చాలు. వంటకు వాడని గిన్నె తీసుకోండి. మాడేంత వేడి వద్దు.

పొయ్యి లేకుండా కూడా చేయవచ్చు, మన ఎండలు అంతటివి. ఏప్రిల్ మధ్యాహ్నం గాలి 44 డిగ్రీలు, ఆర్ద్రత 15 శాతం అనుకోండి. అదే గాలి ఎండలో కాలిన ఇనుప రేకు మీద 65 డిగ్రీలకు వేడెక్కితే, అందులోని ఆవిరి మారకపోయినా సాపేక్ష ఆర్ద్రత 6 శాతం దగ్గరకు పడిపోతుంది. అంత పొడి గాలిలో జెల్ తన నీటిని చాలావరకు వదిలేస్తుంది. రేకు మీద పలచగా పరిచి, మధ్యాహ్నం మూడు దాటకముందే ఎత్తి గాలి చొరని డబ్బాలో వేసుకోవాలి. మృగశిర కార్తెకు ముందు ఈ పని ఒకసారి చేసిపెట్టుకుంటే వానలకు సిద్ధంగా ఉన్నట్టే.

వేడి చేయడం

నీటిని తీసేయకుండానే సాపేక్ష ఆర్ద్రతను తగ్గించవచ్చు. గాలి 25 డిగ్రీలు, 85 శాతం ఆర్ద్రత ఉంటే ఘనపు మీటరుకు 19.6 గ్రాముల ఆవిరి. దాన్ని 32 డిగ్రీలకు వేడిచేస్తే గరిష్ఠం 33.8 గ్రాములు అవుతుంది, ఆర్ద్రత 58 శాతానికి దిగుతుంది. హద్దు దాటి ఇవతలికి వచ్చేశాం. బీరువా అడుగున పెట్టే సన్నని విద్యుత్ వేడి కడ్డీలు చేసేది ఇదే. వేడిగాలి పైకి లేచి లోపలంతా తిరుగుతుంది, లోహం ఎప్పుడూ బయటి తుషార స్థానం కంటే వెచ్చగా ఉంటుంది.

పాతరోజుల్లో ఈ పనికి 15 వాట్ల ఫిలమెంట్ బల్బు పెట్టేవాళ్ళు. దాని స్థానంలో ఎల్.ఇ.డి. బల్బు పెడితే వెలుగు వస్తుంది, పని జరగదు. ఎల్.ఇ.డి. తీసుకునే విద్యుత్తే అతి తక్కువ. బల్బు వాడేవాళ్ళు దాని దగ్గర నూనె గుడ్డలు, తూటాలు ఉంచకూడదు. తూటాలను అసలు ఈ అరలోనే ఉంచకుండా వేరే తాళం కింద పెట్టుకోవడం అన్ని విధాలా క్షేమం. కరెంటు తరచూ పోయే ఊళ్ళలో కడ్డీ మీదే ఆధారపడవద్దు. కరెంటు పోయిన రాత్రే వాన పడుతుంది, లోపల చల్లబడుతుంది. జెల్ కూడా ఉండాలి.

తుపాకి మీద పూత

ఎంత జాగ్రత్త పడ్డా కొంత తేమ లోపలికి వస్తుంది. చివరి కాపు లోహం మీది పూత. గొట్టం నల్లగా కనిపించేది రంగు కాదు, అది ఇనుముకే చెందిన నల్ల ఆక్సైడ్, మాగ్నటైట్. ఎర్ర తుప్పు కంటే గట్టిగా అంటుకుని ఉంటుంది, అయినా దానిలో సూక్ష్మ రంధ్రాలుంటాయి. నూనె నిలుపుకోవడానికి పనికివస్తుందే తప్ప నూనె లేకుండా కాపాడలేదు.

ఏ నూనె? ఇక్కడ మనవాళ్ళ అలవాటు కొబ్బరినూనె. అది 24 డిగ్రీల దగ్గరే గడ్డకడుతుంది, చలికాలంలో కదిలే భాగాలను పట్టేస్తుంది. నిలవ ఉన్నకొద్దీ వంటనూనెలు కొవ్వు ఆమ్లాలను విడుస్తాయి, కొన్ని జిగురుగా మారతాయి. ఖనిజ నూనె మేలు. కుట్టుమిషను నూనె మరీ పలచన, నిలబెట్టిన గొట్టం నుంచి కొన్ని వారాల్లో జారిపోతుంది. తుప్పు నిరోధకాలు కలిపిన తుపాకి నూనె దీర్ఘకాలం నిలవకు సరైనది. డబ్బాలోంచి చిమ్మే తేమను తరిమే ద్రవాలు తడిసిన తుపాకిని ఆరబెట్టడానికి మంచివే, వాటి పొర మాత్రం పలచన కనుక ఎక్కువ కాలానికి వాటినే నమ్మవద్దు.

ముందుగా తుపాకి ఖాళీగా ఉందని చూసి, మళ్ళీ చూడాలి. తర్వాతే గుడ్డ పట్టాలి. పలచగా, తుడిచీ తుడవనట్టు పూయాలి. ఎక్కువైన నూనె కిందికి కారి కర్ర మడమలోకి ఇంకి దాన్ని మెత్తబరుస్తుంది. నెలల నిలవకైతే గొట్టం మూతి కిందికి ఉండేలా పెట్టేవాళ్ళు ఉన్నారు, అది తెలివైన పని. తిరిగి వాడేముందు గొట్టం, తూటా గది పొడిగా తుడవడం తప్పనిసరి.

ఆదిలాబాద్ అడవి అంచు పల్లెల్లో పంట కాపలాకు వాడే భరమారు తుపాకుల విషయం వేరు. వాటిలో వాడే నల్లమందు కాలాక పొటాషియం కార్బోనేట్, పొటాషియం సల్ఫేట్ వంటి లవణాలు మిగులుతాయి. వీటిలో కొన్ని గాలిలోని తేమను లాక్కుంటాయి. వీటిని నూనె కరిగించదు. పైన నూనె రాస్తే లవణం కిందే ఉండి గొట్టాన్ని తింటుంది. వేడినీటితో కడిగి, పూర్తిగా ఆరబెట్టి, ఆ తర్వాతే నూనె రాయాలి. తుపాకిని నీటితో కడగమంటే నవ్వేవాళ్ళుంటారు, కానీ లవణాన్ని కరిగించేది నీరే.

తోలు సంచిలో పెట్టి బీరువాలో పెట్టడం చాలామంది గౌరవంగా చేసే పొరపాటు. మన ప్రాంతంలో తోళ్ళను తంగేడు చెక్కతో ఊనేవారు. అందులోని టానిన్లు ఆమ్ల స్వభావం కలవి. ఏ పద్ధతిలో ఊనిన తోలైనా తేమను, లవణాలను పట్టి ఉంచుతుంది. స్పాంజి పరచిన పెట్టెలదీ అదే కథ. ప్రయాణానికి సంచి సరే, నిలవకు తుపాకిని విడిగా, గాలి తగిలేలా నిలబెట్టాలి. విడిగా ఉంచే వీలు లేనప్పుడు ఆవిరి రూపంలో లోహానికి అంటుకుని కాపాడే రసాయనం పూసిన కాగితం దొరుకుతుంది, దానిలో చుట్టవచ్చు.

ఇంత శ్రద్ధ దేనికంటే, తుప్పు అందం చెడగొట్టి ఊరుకోదు. తూటా గదిలో గుంతలు పడితే పేలిన ఖాళీ తొడుగు ఇరుక్కుంటుంది, బయటకు రాదు. బ్యాంకు తలుపు దగ్గర నిలబడిన గార్డుకు రెండో తూటా అందదు. గొట్టంలో రాలిన తుప్పు పెళ్ళలు, గూడు పెట్టిన పురుగులు అడ్డుపడి ఉంటే కాల్చినప్పుడు గొట్టం ఉబ్బడం, పగలడం కూడా జరుగుతుంది. తేమ పట్టిన అట్ట తొడుగు తూటాలు ఉబ్బి గదిలోకి దూరవు. లోతైన గుంతలు కనిపిస్తే ఇంట్లో గీకవద్దు, లైసెన్సు ఉన్న ఆయుధ మరమ్మతుదారుకు చూపించాలి.

కొలవడం

ఇవన్నీ పనిచేస్తున్నాయో లేదో అంచనాతో తెలియదు. ఒక చిన్న ఆర్ద్రతామాపకం లోపల పెట్టాలి. 45 నుంచి 50 శాతం మధ్య ఉంటే బాగున్నట్టు. 30కి దింపాలని ఆరాటపడవద్దు, లోహానికి మంచిదే గాని కర్ర మడమ ఎండి బీటలు వారుతుంది.

చవక మాపకాలు తప్పు చూపడం మామూలే. సరిచూసుకోవడానికి ఇంట్లోనే ప్రయోగం చేయవచ్చు. ఒక సీసా మూతలో రెండు చెంచాల ఉప్పు వేసి, తడి ఇసుకలా అయ్యేంత మాత్రమే నీరు కలపండి. దాన్నీ మాపకాన్నీ ఒకదానికొకటి తగలకుండా మూత గట్టిగా పడే పారదర్శకమైన డబ్బాలో ఉంచి, పది పన్నెండు గంటలు కదిలించకండి. 25 డిగ్రీల దగ్గర సంతృప్త ఉప్పు ద్రావణం పైనున్న గాలి ఆర్ద్రత 75 శాతం. మాపకం 70 చూపితే దానికి ఎప్పుడూ 5 కలుపుకోవాలి.

మీ ప్రగతిని సరిచూసుకోండి - 2

ఒక ఆయుధాల గదిలో రెండు బీరువాలున్నాయి. మొదటిదానిలో మాపకం ఉదయం 72, మధ్యాహ్నం 55 చూపింది. రెండోదానిలో రెండు వేళలా 62 చూపింది. ఉప్పు పరీక్షలో మొదటి మాపకం 75, రెండోది 83 చూపాయి. ముందు ఏ బీరువాను చూసుకోవాలి?

జవాబు: రెండో మాపకం 8 ఎక్కువ చూపుతోంది, కనుక ఆ బీరువాలో అసలు ఆర్ద్రత 54 శాతం దగ్గర నిలకడగా ఉంది. మొదటిది మధ్యాహ్నం బాగానే ఉన్నా ప్రతి తెల్లవారుజామునా 60 హద్దు దాటుతోంది. ముందు దాన్నే తెరవాలి: వీపు ఏ గోడకు ఆనుకుని ఉందో, అడుగున రంధ్రం ఉందో, జెల్ రంగు మారిందో చూసి, తుపాకులను వెలుగులోకి తెచ్చి గొట్టం లోపల తెల్లగుడ్డ దూర్చి లాగాలి. గుడ్డ మీద ఎర్రటి జీర కనిపిస్తే నూనెతో తుడవడం ఆ రోజే జరగాలి.